పేరు లేని మెసేజి

రైలు ఎక్కడుందో ఫోన్‌లోనే కనిపిస్తుంది కదా అవ్వా, అది చెప్పడానికి కూడా ఒక ఉద్యోగమా అని చిన్నది మొన్న అడిగింది. ఉద్యోగమే తల్లీ. ముప్పై నాలుగేళ్ళు చేశాను. ఇప్పుడంటే ఫోన్ చెబుతోంది గానీ, ఆ ఫోన్‌కు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. మీరిద్దరూ అంత దూరాన అస్సాంలో కూర్చుని ఆదివారం ఆదివారం అడిగేవాటికి ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పేకంటే, ఒకసారి కుదురుగా రాసి పెడదామనిపించింది.

నన్ను బెంగళూరు కె.ఆర్.పురం స్టేషన్‌లో ఎంక్వైరీ సూపర్‌వైజర్‌గా వేసింది ఒక జూన్ ఒకటో తారీఖున. రిటైర్మెంట్‌కు అప్పటికి పదహారు నెలలుంది. ఇల్లు ఇదే, కాడుగోడిలో. ఉదయం ఆరింటి డ్యూటీకి ఐదున్నరకల్లా రైలెక్కేదాన్ని. ఎంక్వైరీ అంటే ఒక గాజు కిటికీ, ఒక మైకు, రెండు ఫోన్లు, ఒక రిజిస్టరు. ఫోన్లలో ఒకటి కంట్రోల్‌ది. కంట్రోల్ అంటే ఆ లైన్లో తిరిగే ప్రతి రైలూ ఎక్కడుందో కనిపెట్టి చూసే ఆఫీసు. వాళ్ళు చెప్పింది మేము రిజిస్టరులో రాసుకోవాలి. ఎన్ని గంటలకు చెప్పారు, ఎవరు చెప్పారు, ఏ రైలు, ఏ సంగతి, ఎవరు రాసుకున్నారు, మొత్తం ఐదు గళ్ళు. ఐదూ నిండితేనే అది మెసేజి. పేరు గడి ఖాళీగా ఉంటే దాన్ని మైకులో చదవకూడదు.

ఈ పద్ధతి నాకు ఊరికే అబ్బలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది వేరే స్టేషన్‌లో ఉన్నప్పుడు, ఒక పెద్దాయన వచ్చి మద్రాసు బండి ఎప్పుడొస్తుందమ్మా అని అడిగాడు. కంట్రోల్ నుంచి ఏమీ రాలేదు. అంతకుముందు గంట ఆలస్యం అన్నారు కాబట్టి, ఇంకో అరగంట పడుతుందని నా అంచనా చెప్పేశాను. ఆయన భార్యను తీసుకుని దోసె తినడానికి బయటికి వెళ్ళాడు. బండి దారిలో ఆలస్యాన్ని పూడ్చుకుని పన్నెండు నిమిషాల్లో వచ్చి వెళ్ళిపోయింది. ఆయన తిరిగి వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు. అప్పటి మా సూపర్‌వైజర్ రంగస్వామిగారు నన్ను తిట్టలేదు గానీ, మైకు ముందు కూర్చున్నాక నీ మాటంటూ ఏదీ ఉండదమ్మా, పైనుంచి వచ్చిన మాటే నీ మాట అన్నారు. తర్వాత ముప్పై మూడేళ్ళు అంచనా చెప్పలేదు.

మీ అమ్మ శైలజ సైన్యంలో చేరడానికి చెన్నై శిక్షణకు బయల్దేరిన రోజున కూడా నేను డ్యూటీలోనే ఉన్నాను. ఆమె ఎక్కాల్సిన బండి వస్తోందని కన్నడంలో, హిందీలో, ఇంగ్లీషులో చెప్పింది నేనే. ప్లాట్‌ఫారం మీద అమ్మ స్పీకరు వైపు చూసి నవ్విందట. నేను చూడలేదు. మీ తాత చెప్పారు, అప్పటికి ఇంకా ఆయన ఉన్నారు.

నేను సూపర్‌వైజర్‌నైన ఏడాది అక్టోబరులో మీ అమ్మను మంచుకొండల సరిహద్దుకు పంపారు. అప్పుడు ఆమె కెప్టెన్. సైన్యంలో టెలిఫోన్లు, వైర్‌లెస్‌లు చూసే సిగ్నల్స్ పని ఆమెది. పెద్దోడికి మూడేళ్ళు, చిన్నది ఇంకా పుట్టలేదు. మీ నాన్నకు ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీలు. అందుకని పెద్దోణ్ణి దేవనహళ్ళిలో మీ జేజి, అంటే మీ నాన్నను కన్న తల్లి, నా వియ్యపురాలు, చూసుకునేది. వెళ్ళేముందు మీ అమ్మ నాకొక పని అప్పగించింది. అక్కడ ఫోన్ రెండు మూడు రోజులకొకసారి దొరుకుతుంది, అందరికీ చేయలేను, నీకు చేస్తాను, నువ్వు అందరికీ చెప్పు అంది. ఎక్కడున్నానో మాత్రం ఎవరికీ చెప్పొద్దు, నీకూ చెప్పను అంది.

అందరూ అంటే తక్కువ మంది కాదు. హిందూపురం, అనంతపురం, మదనపల్లి, బెంగళూరు అన్నీ కలిపి కుటుంబం గ్రూపులో నలభై మందికి పైగా. మొదటి వారం నా ఫోన్ మోగుతూనే ఉంది. రెండో వారం నుంచి కౌంటర్ పద్ధతి పెట్టాను. రోజూ సాయంత్రం ఏడింటికి ఒకే మెసేజి, మూడు వరుసలు. చివరిగా సమాచారం అందింది ఎప్పుడు, ఇచ్చింది ఎవరు, మళ్ళీ చెప్పేది ఎప్పుడు. కొత్త సంగతి లేకపోయినా ఆ మూడు వరుసలూ వెళ్ళేవి. మొదట్లో నవ్వారు. హిందూపురం నుంచి మా మరిది, ఎంత ఎత్తున ఉండాదమ్మా మన పిల్ల, ఏ ఊరు, అని అడిగితే, ఆ సమాచారం ఈ కౌంటర్లో దొరకదు మరిదీ అని రాశాను. దానికి అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నవంబరు వచ్చేసరికి ఏడింటికి ముందు ఎవరూ ఫోన్ చేయడం లేదు. మా వీధిలో పాలవాళ్ళకు కూడా నా ఏడు గంటలు తెలుసు. నా బిడ్డ గురించి నలభై మంది ఒకే నిజాన్ని, ఒకే నిమిషంలో చదువుతున్నారంటే నాకు గర్వంగా ఉండేది. చేతనైన పనితో ఆమె వెనక నిలబడినట్టుండేది.

జనవరిలో ఆరు రోజులు ఏ కబురూ లేదు. ఆ కొండల్లో మంచు చరియలు విరిగిపడుతున్నాయని టీవీలో చెప్పారు. ఎక్కడ, ఎవరికి అన్నది చెప్పలేదు. నేను మామూలుగానే మూడు వరుసలు పంపాను. చివరి సమాచారం: గురువారం ఉదయం. ఇచ్చినది: శైలు. మళ్ళీ: రేపు ఏడింటికి. గురువారం అన్న అదే వరుస శుక్రవారం వెళ్ళింది, శనివారం వెళ్ళింది, సోమవారమూ వెళ్ళింది. మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఊరికే బాగుండాది అని పెట్టేయరాదా, పెద్దోళ్ళన్నా నిద్రపోతారు" అంది. పెట్టలేదు. దోసె తినడానికి వెళ్ళిన పెద్దాయన గుర్తొచ్చాడు.

దేవనహళ్ళిలో మీ జేజి మూడో రోజు నుంచి మధ్యాహ్నం అన్నం మానేసింది. ఐదో రోజు నుంచి పాలు తప్ప ఏమీ లేదు. కోడలి కబురు తెలిసేదాకా ముద్ద దిగదని పట్టుబట్టిందట. షుగరు మాత్రలు మాత్రం వేళకు వేసుకునేది. ఆమె తినడం లేదని మీ నాన్న నాకు చెప్పాడు. ఫోన్ చేసి బతిమాలాను. "నువ్వు కబురు చెప్పు వదినా, నేను తింటా" అంది.

ఏడో రోజు, బుధవారం, నేను ఉదయం డ్యూటీలో ఉన్నాను. పది నలభై ఒకటికి నా సెల్‌ఫోన్ మోగింది. తెలియని నంబరు. గాలి హోరు, దాని వెనక ఒక మగ గొంతు. వయసైన మనిషిదే, మన వైపు మాట.

"అమ్మా, మాది మదనపల్లి పక్క. మేడమ్ దగ్గర పనిచేస్తాండా. మేడమ్ బాగుండారు. కేబుల్ తెగిపోయింటే ఇప్పుడే అతికినాము. మేడమ్ వంతు అందరికంటే ఆఖర, ఇంకా రెండు దినాలు పట్టొచ్చు. మీరు దిగులు పెట్టుకోవద్దండి."

"మీ పేరు చెప్పండప్పా" అన్నాను.

"నాకిచ్చిండేది రెండు నిమిషాలేనమ్మా," అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు. లైన్ పోయింది.

చేతి అలవాటు కదా, చిత్తుకాగితం మీద రాశాను. 10.41 నుంచి 10.43. సంగతి: బాగుంది. పేరు గడి ఖాళీ. తిరిగి చేస్తే ఆ నంబరు పలకలేదు. మనసు నిండిపోయిన మాట నిజమే. కానీ పేరు లేదు. మేడమ్ అన్నాడు గానీ మీ అమ్మ పేరూ అనలేదు. ఎవరైనా ఇంకో మేడమ్ గురించి చెప్పి ఉంటే? నంబరు తప్పి ఉంటే? ఏడింటిలోపు ఇంకొకరెవరైనా ఇదే చెబితే అప్పుడు పెడదామనుకున్నాను. కాగితం మడిచి రిజిస్టరు కింద పెట్టి, వచ్చే బండి గురించి మూడు భాషల్లో చెప్పాను.

మధ్యాహ్నం నాలుగింటికి మీ నాన్న ఫోన్. జేజి వంటగదిలో పడిపోయింది. తిండి లేకుండా మాత్ర వేసుకోవడంతో షుగరు బాగా పడిపోయింది. నేను దేవనహళ్ళి ఆసుపత్రికి చేరేసరికి చేతికి సెలైన్ పెట్టి ఉంది, మాట్లాడుతోంది. పెద్దోడు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని బిస్కెట్ తింటున్నాడు. నేను మడిచిన కాగితం తీసి, పొద్దున వచ్చిన ఫోన్ సంగతి చెప్పాను.

జేజి ఆ కాగితం అందుకుని చూసింది.

"పొద్దున్నే తెలిసిండాదా వదినా నీకు?"

"తెలిసింది. కానీ ఆయన పేరు చెప్పలేదు వదినా."

"పేరుతో నాకేం పనమ్మా? ఆ మాట వినింటే రెండు ముద్దలు తినేదాన్ని." ఆ వెంటనే, "రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చినాక చెప్తావా నువ్వు? అప్పుడు నాకూ కనపడతాది లే" అంది.

మీ నాన్న తల తిప్పుకుని నవ్వు ఆపుకున్నాడు. నేను నవ్వలేదు. కానీ క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెప్పించి నా చేత్తో తినిపించాను. ఆమె వద్దనలేదు. ఆ రోజు ఏడింటికి మెసేజి వెళ్ళలేదు. ఏడూ ఇరవైకి వెళ్ళింది, నాలుగు వరుసలు. నాలుగోది: ధ్రువపడని సమాచారం, పేరు తెలియని మనిషి ఉదయం 10.41కి చెప్పినది, బాగుంది.

శుక్రవారం ఉదయం మీ అమ్మ గొంతు విన్నాను. పని ఉండింది అమ్మా అంది, అంతే. మిగతాది సెలవు మీద వచ్చాక తీగ లాగినట్టు లాగితే వచ్చింది. మంచు కింద తెగిన కేబుల్ వెతికి అతికే బృందానికి ఆమే అధికారి. తన మనుషులతో పాటు మోకాళ్ళ లోతు మంచులో ఆరు రోజులు తిరిగింది. లైన్ వచ్చాక మనిషికి రెండు నిమిషాలు, ఒక్కటే కాల్ అని పెట్టింది. కింది ర్యాంకు నుంచి మొదలుపెట్టి, అధికారులు చివర, ఆ లైన్ బాధ్యత తనది కాబట్టి అధికారుల్లోనూ తాను చివర. తన తల్లి తన కబురు కోసం కాచుకుని ఉంటుందని తెలిసీ రెండు రోజులు ఆ ఫోన్ పక్కనే నిలబడి, ముట్టుకోలేదు. మీరు పెద్దయ్యాక మీ అమ్మ ఛాతీ మీద పతకాలు లెక్కపెడతారేమో. నా వరకు ఆ రెండు రోజులే పెద్దవి.

ఎవరితోనైనా నాకు చెప్పించావా అని అడిగాను. ఎవరితోనూ చెప్పించలేదంది. ఫోన్ గదిలో అందరి ఇళ్ళ నంబర్ల పుస్తకం ఉంటుంది, అందులో చూసి ఎవరో చేసి ఉంటారు, మదనపల్లి వైపు వాళ్ళు అప్పుడు నలుగురైదుగురు ఉన్నారు, తర్వాత తలా ఒక చోటికి బదిలీ అయిపోయారు అంది. అడిగి చూసింది కూడా. ఎవరూ నేనే అనలేదు.

నాకు మిగిలిన ఎనిమిది నెలల సర్వీసులో కౌంటర్ పద్ధతి కొంచెం మార్చాను. కంట్రోల్ చెప్పకపోయినా, వెనక స్టేషన్ వాళ్ళు ఫోన్‌లో ఏదైనా అంటే, ఇది ఇంకా ఖాయం కాలేదు, వెనక స్టేషన్ మాట మాత్రమే అని కిటికీ దగ్గర అడిగినవాళ్ళకు చెప్పమన్నాను. మైకులో మాత్రం పాత రూలే. అంచనాను నిజమని చెప్పడం తప్పు. సగం నిజాన్ని సగమని చెప్పకుండా దాచిపెట్టడం కూడా తప్పే. సగమని చెప్పి ఇస్తే, తినాలో ఆగాలో వినేవాళ్ళే తేల్చుకుంటారు. ఉద్యోగంలో నేను చివరగా నేర్చుకున్నది ఇదే.

ఆ చిత్తుకాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. 10.41 నుంచి 10.43. మనిషికి రెండు నిమిషాలు, ఒక్కటే కాల్. ఆయన వాటిని నాకు ఇచ్చేశాడు. మదనపల్లి పక్కన ఆ ఇంట్లో కూడా ఆరు రోజులుగా ఎవరో ఒకరు అన్నం ముందు కూర్చుని లేచిపోతూ ఉండి ఉంటారు. వాళ్ళకు ఆ రోజు ఎవరు చెప్పారు?