డబ్బా మీది చిరునామా

మొన్న కొన్ని పత్రాలను బీమా చేసి పంపవలసి వచ్చి పోస్టాఫీసుకు వెళ్లాను. గుమాస్తా లక్కకడ్డీని కొవ్వొత్తి మంట మీద తిప్పి, కవరు అతుకుల మీద చుక్కలుగా రాల్చి, ఇత్తడి ముద్ర నొక్కాడు. కాలిన లక్క వాసన ముక్కుకు తగలగానే రసీదు సంగతి మరిచి అక్కడే నిలబడిపోయాను. నాకు ఆ వాసన ఒక మనిషిది. ఆయన పేరు మస్తాన్ గారు. ఎనభైల్లో, పర్చూరు పక్కనున్న మా పల్లెకు ఆయన బ్రాంచి పోస్టుమాస్టరు.

ఆయన ఇంటి వసారాయే పోస్టాఫీసు. పొద్దున కొన్ని గంటలు తపాలా పని, తక్కిన రోజంతా తండ్రి నేర్పిన పరుపులు కుట్టే పని. అందుచేత బల్ల మీద తేదీముద్ర పక్కనే దబ్బనం ఉండేది. కళ్లద్దాల మీద ఎప్పుడూ దూది నూగు ఉండేది. తపాలా సంచి మూతికి లక్క వేసేటప్పుడు మాత్రం ఆ అద్దాలు తుడుచుకునేవారు. డిగ్రీ ముగించి నాన్నకు పత్తి సేద్యంలో సాయంగా ఉన్న నేను, పేపరు చదివే మిషతో రోజూ అక్కడికి చేరేవాణ్ణి.

ఆ రోజుల్లో వారపత్రికల్లో గళ్ల పజిళ్ల ప్రకటనలు వచ్చేవి. అంకెలు సరిగ్గా నింపితే రేడియో ఉచితమనేవారు. నింపలేని మనిషి ఉండడు, అంత సులువు. తరువాత గెలిచారని ఒక ఉత్తరం, దాని వెనకే వి.పి.పి. పార్సెలు వచ్చేవి. డబ్బు కట్టనిదే పార్సెలు చేతికివ్వకూడదన్నది తపాలా నియమం. మా వీధి సుబ్బాయమ్మ గారు అలాగే కట్టి, ఆ వసారాలోనే విప్పింది. లోపల చిత్తుకాగితాలు, వాటి నడుమ పిల్లలాడుకునే ప్లాస్టిక్ రేడియో బొమ్మ. “నీ చేత్తోనే ఇచ్చావు గదయ్యా మస్తానూ!” అని ఆవిడ ఏడ్చింది. ఎక్కడో కూర్చున్న దొంగ పడవలసిన మాటను ఒక నిజాయితీపరుడు పడ్డాడు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరునాడు మస్తాన్ గారు ఎర్ర అట్ట నోటుపుస్తకం ఒకటి కొనుక్కొచ్చి నా ముందు పెట్టారు.

“నీ దస్తూరీ బాగుంటది అబ్బాయ్. బహుమతొచ్చిందని ఎవరు కాయితం తెచ్చి చూపించినా ఇందులోకెక్కించు. ఎవరికొచ్చింది, ఏ ఊరి నుంచొచ్చింది, ఏమడిగాడు.”

“ఎందుకు బాబాయ్, అయిపోయిందానికి?”

“రేపు పోలీసోళ్లు అడిగితే ఏం చెప్తాం? ఎవడో ఏదో పంపాడని చెప్తామా?”

నేను జీవితంలో రాసిన మొదటి రికార్డు అదే.

ఆ మరుసటి ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. నాన్న చేతిపంపు వీపున వేసుకుని రోజంతా మందు కొట్టేవాడు. పంపు పట్టీలు ఒరుసుకుని రెండు భుజాలూ పుండ్లయ్యాయి. నన్ను మోయనిచ్చేవాడు కాదు. అప్పుడే ఒక పురుగుమందుల కంపెనీ డబ్బాకొక కూపను పెట్టి, డ్రా తీసి మోటారు స్ప్రేయర్లు ఇస్తామంది. మా నంబరు తగిలింది. చీరాలలో మేము మందు కొన్న దుకాణదారు, గెలిచిన ఆరుగురి పేర్లూ ఊళ్లూ సంబరంగా కొట్టు తలుపు మీద అంటించాడు. నాలుగు రోజులు తిరగకుండా నాన్న పేరిట టైపు చేసిన ఉత్తరం వచ్చింది. రవాణా ఖర్చు, పన్ను మనియార్డరు చేయాలి. అసలు కూపను రిజిస్టరు పోస్టులో పంపాలి. ఏడు రోజులే గడువు.

నాన్న నేరుగా వసారాకు వెళ్లాడు. “మస్తానూ, మనియార్డరు ఫారం ఇయ్యరా. ఆలస్యమైతే ఇంకోడికి పోద్దంట.”

“ఇదుగో అన్నయ్యా ఫారం. వద్దనే హక్కు నాకు లేదు. ఒక్కటే అడుగుతా. ఈ ఉత్తరం కంపెనీవాడే రాశాడని నీకెవరు చెప్పారు?”

“అందులోనే రాసుంది గదరా! ముద్ర కూడా ఏశాడు.”

“ముద్ర నా దగ్గరా ఉంది. కొట్టి నిన్ను కలెక్టర్ని చెయ్యనా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాన్న ముఖం ఎర్రబడింది. “నాకు తగిలిందని కుళ్లేంట్రా నీకు?”

మస్తాన్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, నా వైపు తిరిగారు. “అబ్బాయ్, ఆ మందు డబ్బా ఏది?”

చేను గట్టున పారేసిన డబ్బా కోసం సైకిలు మీద పరిగెత్తాను. తుమ్మచెట్టు మొదట్లో దొరికింది. లేబులు సగం చినిగినా చిరునామా మిగిలింది. అది హైదరాబాదు ఆఫీసుది. ఉత్తరంలో ఉన్నది మద్రాసులోని ఏదో లాడ్జి గది.

“కంపెనీకి రెండు చోట్ల ఆఫీసులు ఉండకూడదా?” అన్నాడు నాన్న.

“ఉండొచ్చు. ఉంటే ఈ హైదరాబాదోళ్లే చెప్తారు. వాడిచ్చిన అడ్రసుకు రాస్తే వాడే జవాబిస్తాడు అన్నయ్యా. నువ్వు కొన్న డబ్బా మీద అడ్రసుకు రాయించు. ఇంకోమాట. అసలు కూపను వాడికి పంపాక, గెలిచింది నువ్వేననడానికి నీ చేతిలో ఏం మిగులుద్ది?”

నాన్నను ఆపింది ఆ చివరి మాటే. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు గాని, చింపలేదు.

మస్తాన్ గారు జవాబు కార్డు ఒకటి తీశారు. రెండు కార్డులు అతికి ఉండేవి. ఒకదాని మీద మనం రాస్తే, రెండోదాని మీద అవతలివాళ్లు రాసి తిప్పి పంపాలి. దానికి తపాలా ఖర్చు మనం ముందే కట్టినట్టు. ఈ ఉత్తరం మీరు రాసిందేనా, డబ్బు కట్టాలా, కూపను ఎవరికివ్వాలి అని మూడు ప్రశ్నలు చెప్పి నా చేత రాయించారు. ఉత్తరానికీ కూపనుకూ నకళ్లు ఎర్ర పుస్తకంలోకి ఎక్కాయి.

ఏడోరోజు వచ్చింది, జవాబు రాలేదు. నాన్న చేతిపంపు తగిలించుకుని, నాతో మాట్లాడకుండా చేనుకు వెళ్లాడు. ఆ ఉత్తరం నిజమైతే, నాన్న భుజాల మీద పుండ్లకు నేనూ నా దస్తూరీ కారణమవుతాం.

పదకొండోరోజు కార్డు రెండో సగం తిరిగి వచ్చింది. ఆ ఉత్తరం తమది కాదనీ, ఎవరికీ ఏమీ కట్టవద్దనీ, అసలు కూపనుతో కొన్న దుకాణానికే రమ్మనీ, తమ ప్రతినిధి అక్కడే స్ప్రేయరు అప్పగిస్తాడనీ రాశారు. ఆ ముక్క నాన్న నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

మస్తాన్ గారు మాత్రం సంతోషించడానికి కూర్చోలేదు. “ముందు కొట్టు తలుపు మీది జాబితా చూసి మిగతా అయిదుగురికీ కార్డులు రాయి అబ్బాయ్, తరవాత స్ప్రేయరు.” రాశాను. ముగ్గురు దక్కారు. ఇద్దరు అప్పటికే డబ్బూ కూపనూ పంపేశారు; వాళ్లు జవాబులో రాసిన వివరాలన్నీ ఎర్ర పుస్తకంలోకి ఎక్కించాను. ఆ ఇద్దరిలో ఒకరు సింగరాయకొండ దగ్గరి కౌలు రైతు. నకళ్లు జతచేసి పోలీసులకూ తపాలా అధికారులకూ కంపెనీకీ అర్జీలు పెట్టాం. దొంగ దొరకలేదు. కంపెనీ మాత్రం మా నకళ్లు చూసి, తన పుస్తకాలతో సరిపోల్చుకుని, ఆ ఇద్దరికీ స్ప్రేయర్లు ఇచ్చింది. ఆ కౌలు రైతు మా ఊరు వెతుక్కుంటూ వచ్చి, ఎర్ర పుస్తకంలో తన పేరున్న పేజీ మీద చెయ్యి వేసి చూసుకున్నాడు.

ఆ ఏడు మొదటి తీత పత్తిలోంచి మంచిది ఏరి గింజ తీయించి, నాన్న స్వయంగా ఆ వసారాకు మోసుకెళ్లాడు.

“ఓ పరుపు కుట్టరా మస్తానూ.”

“కుళ్లు లేకుండా కుట్టమంటావా అన్నయ్యా?”

“నోర్ముయ్యరా!” అన్నాడు నాన్న. ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

ఇప్పుడు మోసం ఫోనులోకి వచ్చి కూర్చుంది. పోయిన నెల పక్కింటి లక్ష్మి, తెరమీద చక్రం తిప్పితే కారు తగిలిందంటూ పరుగున వచ్చింది. ఏదో టీపొడి కంపెనీ పేరు. ప్రాసెసింగు రుసుము కడితే చాలట. “డబ్బా ఏదమ్మా?” అన్నాను. నాకు మతి తప్పిందనుకుంది. వంటింట్లోంచి టీపొడి డబ్బా తెప్పించి, దాని మీదున్న నంబరుకు ఆమె చేతే ఫోను చేయించాను. మాట్లాడి పెట్టేసి, “అట్లాంటి పోటీయే లేదంటండీ” అంది, చిన్నబోయి. ఆ తరువాత మా సందులో ఎవరి ఫోనులో ఏ బహుమతి మోగినా ముందుగా వినిపించే మాట “డబ్బా ఏది?” అన్నదే. అది ఎవరి ప్రశ్నో వాళ్లకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

లక్ష్మి కారు సంగతి ఆ రోజే పుస్తకంలోకి ఎక్కించాను. ఇది పద్నాలుగో పుస్తకం. అట్ట ఎరుపే. మొదటి పుస్తకంలో ఆ కార్డు సగం ఇంకా ఉంది, మస్తాన్ గారు కొట్టిన తేదీముద్రతో. నాన్న కుట్టించిన పరుపు దూది మూడుసార్లు ఏకించుకుని, ఇప్పటికీ దాని మీదే పడుకుంటున్నాను. నిద్ర బాగానే పడుతుంది.