రష్యా పిల్ల, అవ్వ కుట్టిన ఎర్రంగీ

మొన్న మధ్యాహ్నం అన్నం తిని అట్లా ఒరిగానో లేదో, మా మనవరాలు సెల్‌ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టి, "అమ్మమ్మా, ఈ దాదీని జర చూడు, నీకన్నా పెద్దది" అంది. చూద్దును గదా, తెల్ల జుట్టు, ముడతలు పడ్డ మెడ, ఆ వయసులోనూ వంగని నడుము. చిన్న పిల్లల్ని వరుసగా నిలబెట్టి ఒక్కొక్కరి మడమను చేత్తో సరిచేస్తోంది. ఒకప్పుడు సోవియట్ దేశానికి జిమ్నాస్టిక్స్‌లో బంగారు పతకాలు తెచ్చినామె అని బొమ్మ కింద రాసింది మనవరాలు చదివేలోపే, గడ్డం ఎత్తే తీరు చూసి నేను పోల్చుకున్నాను. అయ్యో, నువ్వా తల్లీ, ఇంత ముసలిదానివి ఎప్పుడైనవు, అని పైకే అనేశాను. ఆమె బొమ్మ ఒక ఏడాదంతా నా లెక్కల పుస్తకానికి అట్టగా ఉండేది మరి.

నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో రష్యా నుంచి తెలుగులో ఒక రంగుల పత్రిక వచ్చేది. చదివేవాళ్లు తక్కువే గానీ ఆ నున్నని కాగితం కోసం పిల్లలున్న ప్రతి ఇల్లూ కాచుకుని ఉండేది, అట్టలు వేయడానికి అంతకంటే గట్టిది దొరికేది కాదు. మాకు అది మా చిన్నాయన వల్ల వచ్చేది. మా బాపు, చిన్నాయన కరీంనగర్ దిక్కు నుంచి సూరత్‌కు బతకవచ్చి, అక్కడి ఉధ్నాలో ఒకే కార్ఖానాలో పక్కపక్క కరెంటు మగ్గాలు నడిపేవాళ్లు. చిన్నాయనకు ఎర్రజెండా అంటే మోజు. వారానికొకసారి కరెంటు బందుండే రోజున, మగ్గాల చప్పుడు ఆగి గల్లీ అంతా కొత్తగా వినిపించే ఆ రోజున, ఆయన గడప మీద కూర్చుని పత్రిక పైకి చదివేవాడు, మేము మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ వినేవాళ్లం.

అట్లా విన్నదే ఈ పిల్ల కథ. పేరు పలకబోతే మాలో ఎవరికీ నోరు తిరగలేదు. మా అవ్వ, అంటే కన్నతల్లి, మా దిక్కు తల్లినే అవ్వ అంటాం, ఆమె మాత్రం 'రష్యా పిల్ల' అని పేరు పెట్టేసింది. ఆ పిల్ల తల్లి నూలుమిల్లులో పనిచేసేదట. తల్లి పనికి పోతే పిల్ల వాకిట్లో తివాచీలు దులిపే ఇనుప కడ్డీకి కోతిలాగా వేలాడుతుంటే, ఆ దారిన పోయే ఒక కోచ్ చూసి తీసుకుపోయాడట. మంచులో తెల్లారకముందే నడిచిపోయి నేర్చుకుందట. ప్రపంచమంతా చూస్తున్న పోటీలో కడ్డీ జారి కింద పడిందట, ఏడ్చిందట, ఎవరూ దగ్గరికి రాలేదట. రాకూడదు, పడ్డవాళ్లు తమంతట తామే లేవాలి, అది వాళ్ల నియమం. లేచి మళ్లీ ఎక్కి, ఆ మర్నాడు బంగారం గెలిచిందట. ఇదంతా విని మా అవ్వ, "నూలుమిల్లుల చేసే ఆమె బిడ్డనట, చూడరాదు!" అని మా సొంత చుట్టమైనట్టు మురిసిపోయింది. పిల్ల పడ్డ ముచ్చట దగ్గర మాత్రం, "ఒక్కరన్న లేపలేదా, గదేం లోకమే!" అని చిన్నాయన మీదనే కోపం చేసింది.

ఇక నాకు పిచ్చి పట్టింది. గల్లీ చివర చిందీ మూటలు, అంటే కార్ఖానాల్లో కత్తిరించగా మిగిలిన గుడ్డపేలికల మూటలు, గోడలాగా పేర్చి ఉండేవి. వాటి మీదికి దూకడం, పల్టీలు కొట్టడం, కాళ్లు రెండూ పైకి పెట్టి చేతుల మీద నిలబడటం, ఒకటా రెండా నా వేషాలు! మునిసిపాలిటీ తెలుగు బడిలో ఆటలు చెప్పే గుజరాతీ టీచరమ్మ ఇది చూసి నన్ను పట్టుకుంది. ఆమె పుణ్యమా అని రెండేళ్లు నిజంగానే నేర్చుకున్నాను. జిల్లా బడుల పోటీలో మొదటిదాన్నయితే ఆటల హాస్టల్లో సీటు ఇస్తారని, చదువూ అక్కడే అని ఆమె ఇంటికి వచ్చి చెప్పింది. మా తెలుగు బడి ఏడో తరగతితో అయిపోయేది. ఆ తర్వాత మా గల్లీ ఆడపిల్లలందరిదీ కండెలు చుట్టే చదువే. బాపు అంతా విని, "గెలిస్తే తోలుత. గెలువకపోతే ఇంట్లుండాలె, మల్ల అడుగద్దు" అన్నాడు. నా బతుకంతా ఆ ఒక్క మాటకు కట్టేసినట్టయింది.

పోటీకి ఒంటికి అతుక్కునే అంగీ కావాలి, బనీను బట్టది, దుకాణంలో దొరుకుతుంది అని టీచరమ్మ చెప్పింది. బాపుకు రోషం పొడుచుకొచ్చింది. "నేసెటోళ్ల ఇంట్ల బట్ట కొనుక్కస్తే నలుగురు నవ్వరా? నేనే నేస్త" అన్నాడు. కార్ఖానా సేఠ్‌ను బతిమాలి, మగ్గం మీద మిగిలిన పడుగు పోగులతో ఎర్రటి బట్ట నేసుకొచ్చాడు, ఎంత మెరుపనుకున్నారు! అట్ట మీది రష్యా పిల్ల బొమ్మ ముందు పెట్టుకుని అవ్వ దాన్ని బిగువుగా కుట్టింది. మోకాళ్ల దాకా లాగు కూడా కలిపి కుట్టింది, లేకపోతే గల్లీలో తల ఎత్తుకోలేమని. ఆపైన కొత్త బట్ట కదా, కొసకు పసుపు పెట్టి దేవుని ముందర పెట్టింది. పోటీ పొద్దునే తొడుక్కోవాలి తప్ప ముందు తొడిగితే మైలపడుతుందంది. అట్లా ఆ అంగీతో ఒక్క పల్టీ అయినా కొట్టి చూసుకోకుండానే పోటీకి పోయాను. మగ్గం మీద నేసిన బట్ట బనీనులాగా సాగదని ఇంటినిండా నేతగాళ్లున్న మాకు తోచనే లేదు చూడండి, నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

ఆ రోజు ఉధ్నా నుంచి మా ఆడవాళ్లంతా ఆటోల్లో ఇరుక్కుని వచ్చారు. చాప మీద చేసే ఆటలో కొంచెం నాట్యం ఉండాలి; రష్యా పిల్ల వాళ్ల ఊరి నాట్యం చేసిందట కదా అని అవ్వ నాకు బతుకమ్మ అడుగులు నేర్పింది. నేను వంగి చప్పట్లు చరచగానే మా వాళ్లంతా బెంచీల మీది నుంచి చప్పట్లు అందుకున్నారు. అబ్బ, ఆ నిమిషం నేను భూమి మీద లేను. పల్టీలు కుదిరాయి. ఇక చివరిది, రెండు కాళ్లు ఆ కొసకొకటి ఈ కొసకొకటి చాచి నేల మీద కూర్చోవడం. కూర్చున్నాను. వీపు నుంచి కింది దాకా అంగీ పర్రున చినిగింది.

నిజం చెబుతున్నాను, నాకు సిగ్గు రాలేదు. లేవాలి, చేతులెత్తి నిలబడాలి, అంతే మిగిలింది. పడ్డా లేవాలని నాకు తెలుసు. అంతలో కొంగు చేత పట్టుకుని మా అవ్వ మెట్లు దిగుతూ కనిపించింది. మధ్యలో ఎవరైనా చాప మీదికి వస్తే ఆట చెల్లదని పొద్దున్నే చెప్పారు, హిందీలో చెప్పారు, ఆమెకు అర్థం కాలేదు. రావద్దని నేను చెయ్యి ఊపాను. పిలుస్తున్నాననుకుని ఇంకా జోరుగా ఉరికొచ్చింది. గీత దాటింది. నన్ను కొంగులో చుట్టేసి గుండెకు అదుముకుంది. ఎక్కడో ఈల ఊదారు. ఎందుకొచ్చినవే, ఎందుకొచ్చినవే, అని నేను ఆమె భుజం మీద గుద్దుతూ ఏడుస్తుంటే, "గంత మంది ముందట నిన్ను గట్ల ఎట్ల ఇడ్సిపెట్టి కూసుంటనే బిడ్డా" అంది.

సీటు వేరే అమ్మాయికి పోయింది. బాపు అన్నట్టే నేను మళ్లీ అడగలేదు. కండెలు చుట్టాను, పెళ్లయింది, పిల్లలయ్యారు, ఉధ్నాలోనే జుట్టు నెరిసింది. ఆ మంట చాలా ఏళ్లు ఉండింది, లేదనను.

ఇప్పుడు సూరత్‌లో సాగే బట్ట తాన్లకు తాన్లు తయారవుతోంది, ఏ గల్లీ దుకాణంలోనైనా దొరుకుతుంది. మనవరాలు నేర్చుకునే చోట మెత్తని పరుపులున్నాయి, చల్లని గాలి ఉంది, గోడ పక్కన తల్లులకు కుర్చీలున్నాయి. పిల్ల పడితే ఒక్క తల్లీ కదలదు, సెల్‌ఫోనులో బొమ్మ తీయడమూ ఆపదు. పిల్ల తానే లేస్తుంది, దులుపుకుంటుంది, మళ్లీ ఎక్కుతుంది. మంచిదే, అట్లాగే గెలుస్తారు, ఆ పిల్ల తల్లికి, మా బిడ్డకు, నేను కూడా అట్లాగే ఉండమని చెబుతాను. మా అవ్వ పోయి చాలా కాలమైంది. నియమం తెలియక వచ్చింది పాపం అని ఇన్నేళ్లూ అందరికీ చెబుతూ వచ్చాను గానీ, ఆ కుర్చీల్లో కూర్చున్నప్పుడల్లా అనిపిస్తుంది, ఆమెకు తెలిసినా ఆగేది కాదు.