అక్క గొంతు, అమెరికా మిషను

ఎండాకాలం మధ్యాహ్నాల్లో మా నంద్యాల ఇంటి పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక ఇనుప పెట్టెను అడ్డం పెడతాను. మూడు కిలోలకు పైన బరువు, బూడిదరంగు, పైన తోలు పిడి. గడప దాటిన ఎండ దాని మీద పడి వేడెక్కగానే, లోపలి రాగితీగ చుట్టలకు పూసిన వార్నిషు, మాడిన బెల్లం వాసన లాంటిదొకటి వంటింటి దాకా తెస్తుంది. అది మా పాత రికార్డు ప్లేయరు ట్రాన్స్‌ఫార్మరు. ప్లేయరు పోయి చాలా ఏళ్లయింది. ఆ వాసన తగిలితే మాత్రం ఇప్పటికీ నాకు ఆళ్లగడ్డలో ఆదివారం అవుతుంది, చచ్చిపోయిన మా అక్క ఇంకాసేపట్లో పాడుతుందనిపిస్తుంది.

ఆళ్లగడ్డలో మా నాయన క్రైస్తవ మిషను బడిలో పంతులు. మా వీధి చివర రాయి చెక్కేవాళ్లుండేవాళ్లు. తెల్లవారింది మొదలు ఉలి దెబ్బలు, మధ్యాహ్నానికి వాకిట్లో అరుగు మీద తెల్లటి రాతి పొడి, దాని మీద వేలితో కూడికలు వేసుకుంటూ నేను. బుడ్డలు పీకే కాలంలో ఇల్లంతా ఉడికిన శనక్కాయల ఆవిరి, ఎండాకాలంలో మంచం కింద వరిగడ్డిలో మాగేసిన బంగినపల్లి కాయలు, క్రిస్మసుకు అమ్మా పక్కింటి ఆడవాళ్లూ కూచుని వత్తే కజ్జికాయలు, వాటిలోకి దంచే కొబ్బరీ పుట్నాలపొడీ. వారమంతా సంగటి, ఆదివారం గుడి నుంచి రాగానే వరన్నమూ పొట్టేలు కూరా. ఆ కూర తిన్న చేయి కడుక్కుని, ఆరబెట్టుకుని, నాయన ట్రాన్స్‌ఫార్మరు మీట నొక్కేవాడు. అది గుయ్యిమని మోగడం మొదలుపెట్టగానే అమ్మ చాటలో బియ్యం వేసుకుని పెరట్లోకి వెళ్లిపోయేది.

మా అక్క పేరు కరుణ. నంద్యాలలో ఆడపిల్లల బోర్డింగులో చదువుకునేది. అక్కడ పెద్దగా ఉండిన అమెరికా దొరసాని, తన దేశంలో గుళ్లకు పంపించడానికని, బోర్డింగు పిల్లలను మద్రాసు తీసుకుపోయి నిమిషానికి నలభై ఐదు చుట్లు తిరిగే చిన్న రికార్డు ఒకటి చేయించింది. ఒక పాటలో రెండో చరణం అక్క ఒక్కతే పాడింది. అప్పటికి ఆమెకు పదేళ్లు. ఆ ఏడే కామెర్లతో చచ్చిపోయింది. నేనప్పుడు పాకుతున్నానట. విడిగా ఆమె ఫోటో ఒక్కటీ లేదు. బోర్డింగు పిల్లలంతా ఉన్న ఒక ఫోటోలో ఆమె మొహం శనగగింజంత.

నాకు ఐదారేళ్లప్పుడు దొరసాని పనిలోంచి దిగి వాళ్ల దేశం పోతూ, తన రికార్డు ప్లేయరునూ, దాన్ని మన కరెంటుకు కలిపే ట్రాన్స్‌ఫార్మరునూ, ఆ రికార్డునూ నాయనకిచ్చింది. ఈ దేశంలో ఇది కొంచెం నిదానంగా నడుస్తుందని కూడా చెప్పిందట. ఈ దేశంలో ఏది నిదానం కాదమ్మా అని నాయన నవ్వి, బస్సులో దాన్ని బిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

మొదటిసారి వేసిన రోజు నాకు బాగా గుర్తుంది. అమ్మ తలస్నానం చేసి, గుడికి కట్టుకునే చీర కట్టుకుని, ప్లేయరుకు జానెడు దూరంలో నేల మీద కూచుంది. పిల్లలందరూ కలిసి పాడిన పల్లవి అయింది, మొదటి చరణం అయింది. రెండో చరణం ఒక్క గొంతే ఎత్తుకుంది. నిండుగా, లోతుగా, ఏ తొందరా లేని గొంతు. నాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ తల ఒక పక్కకు వంచి చివరిదాకా విని లేచింది.

“ఇది మా పాప గాదు” అంది.

“అట్ట మీద పేరు రాసినారు గదా, కరుణ అని.”

“రాస్తే? ఎవురో పెద్దామె పాడతాండాది. నా బిడ్డ గొంతు నాకు తెలీదా?”

అమ్మకు దుఃఖంతో మతి చెదిరిందని అందరూ అనుకున్నారు. గుడి ఆడవాళ్లు నాలుగైదు శుక్రవారాలు వచ్చి ఆమె చుట్టూ కూచుని, తల మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. అమ్మ వాళ్లకు కాఫీలిచ్చి పంపించేది. తర్వాత ఆ మాట అనడం మానేసింది. కానీ ఆదివారం ట్రాన్స్‌ఫార్మరు మోగితే చాట పట్టుకుని పెరట్లోకి పోవడం మానలేదు. బిడ్డ గొంతు వినలేని తల్లి ఉంటుందా అని నాయన లోలోపల కుమిలేవాడు.

నాకు ఆ గొంతే అక్క. పదేళ్ల పిల్ల అని లెక్క తెలుసు, చెవి ఒప్పుకునేది కాదు. నా అక్క చీర కట్టి, ముడి వేసి, కనకాంబరాలు పెట్టుకున్న పెద్ద మనిషి. జ్వరం వచ్చినప్పుడు నా తల దగ్గర కూచున్నది ఆమే. కరెంటు పోయిన సందెవేళ నడవలోంచి వెళ్లాలంటే, ఆ మూల నిలబడి ఉంటుందేమోనని భయం, ఉంటే బాగుండునని ఆశ.

ఇక ముల్లు. నాయన బాధంతా దాని గురించే. రికార్డు గాడిలో నడిచే ఆ ముల్లు, దాన్ని పట్టుకునే కార్ట్రిడ్జికి సరిపోయేది ఆళ్లగడ్డలో దొరకదు. నంద్యాలలో రేడియోలమ్మే షాపాయన వేరే కంపెనీవి మూడు తీసి అద్దాల బల్ల మీద పెడితే, నాయన ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూసి, ఒకటి ఎంచి, కాగితంలో మడిచి జేబులో పెట్టుకునేవాడు. అది సరిగ్గా కూచోక పాట ఎగిరితే, ముల్లును మోసే ప్లేయరు చెయ్యి మీద పావలా బిళ్ల పెట్టేవాడు. ఒకసారి అమ్మ అది చూసి, “పిల్ల మీద రాళ్లు పెడతాండావా?” అని పెరట్లోకి పోయింది. తన బిడ్డ కాదన్న మనిషి అట్లా ఎందుకన్నదో అప్పుడు నాకు అర్థం కాలేదు.

పెళ్లిళ్లకు మైకుసెట్టు బాడుగకిచ్చే దస్తగిరి మామ మా పక్క వీధి. ఒక ఆదివారం గుమ్మంలో నిలబడి పాట విని, “మీ ఇంట్లో పాట ఎద్దుల బండెక్కి వస్తాందేంది సారూ?” అన్నాడు.

“దేవుని పాటలకు తొందరేంది దస్తగిరీ.”

“ఒక్కతూరి ఇయ్యండి, నా మిషను మీద ఏసి సూద్దాం.”

“నీ ముల్లు మడక దున్నినట్టు దున్నతాది. నాకుండేది ఇదొక్కటే.”

తలుపు చాటు నుంచి అమ్మ అడిగింది, ఎన్నో ఏళ్ల తర్వాత ఆ సంగతి మీద నోరు తెరిచి: “ఇయ్యరాదా. ఒక్కతూరే గదా.”

నాయన రికార్డును అట్టలో పెట్టి, అట్టను తువ్వాల్లో చుట్టి, ట్రంకులో పెట్టి తాళం వేశాడు.

ప్లేయరు వెనక ఒక చిన్న రేకు ఉండేది. ఎక్కడ అంకె కనబడితే అక్కడ చదివే పిల్లవాణ్ని. నూట పదిహేను అని ఒకటి, అరవై అని ఒకటి. నూట పదిహేను కోసమే ట్రాన్స్‌ఫార్మరని నాయన చెప్పాడు. అరవై అంటే బల్బు మీద ఉన్నట్టు వాట్లని నేనే అనుకున్నాను.

నాయన పోయాడు, తర్వాత కొన్నేళ్లకు ఈ నంద్యాల ఇంట్లోనే అమ్మా పోయింది. మోటారు కాలిన ప్లేయరును పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు. రికార్డు మిగిలింది. నా చేతికి కాస్త వీలు చిక్కాక తక్కువ ధరలో ఒక డైరెక్ట్ డ్రైవ్ ప్లేయరు కొన్నాను. అందులో బెల్టు లేదు, పళ్లెం కిందే మోటారు. దానితో వచ్చిన కార్ట్రిడ్జి ముల్లు మొన గుండ్రం, మూడున్నర గ్రాములు మోపాలి. అది పెట్టి అక్క రికార్డు వేయడానికి మనసొప్పలేదు. పాత కార్ట్రిడ్జి మోపే బరువుకు పావలా బిళ్ల బరువు కలిపి లెక్కేస్తే, ఆ గాడి ఏళ్ల తరబడి ఏడెనిమిది గ్రాములు మోసింది. గుండ్రటి మొన ఎక్కడ ఒరుసుకుందో మళ్లీ గుండ్రటిదీ అక్కడే ఒరుసుకుంటుంది. నాకు కావలసింది ఆ ముల్లు తాకని చోటు. మొన సన్నమయ్యేకొద్దీ గాడి గోడను వేరే చోట పట్టుకుంటుంది. అందుకని కోడిగుడ్డు ఆకారం మొనది ఒకటి తెప్పించి పాత సినిమా రికార్డుల మీద పరీక్షించాను. చాలక, అంతకన్నా సన్నటి మొనది, రెండు గ్రాముల లోపల మోపితే సరిపోయేది, ఇంకొకటి తెప్పించాను. దాని ధర ప్లేయరు ధరలో సగం దాటింది. మన ఊరి దుమ్మంతా పట్టుకునే ఉన్నిగుడ్డ తీసేసి పళ్లెం మీద రబ్బరు పరిచాను. చిన్న త్రాసు పెట్టి బరువు సరిచూశాను. ఆనాడు దస్తగిరి మామకు ఇవ్వకుండా నాయన తాళం వేసినట్టే, నేనూ ఆ రికార్డును ఆర్నెల్లు బయటికి తీయలేదు.

తీసిన రోజు పల్లవి వినగానే ప్లేయరు చెడిందనుకున్నాను. పిల్లలు పాటతో పరుగెత్తుతున్నారు. వంగి పళ్లెం అంచు చూశాను. వేగం సరిగ్గా ఉంటే కదలకుండా నిలబడే చుక్కలు నిలబడే ఉన్నాయి. రెండో చరణం వచ్చింది. పాడుతున్నది చిన్నపిల్ల. ఏదో పన్ను ఊడిందేమో, కొన్ని అక్షరాల దగ్గర గాలి జారుతోంది. చరణం మధ్యలో ఊపిరి చాలక గబుక్కున పీల్చుకుంది. నాయన ముల్లు అరగదీసిన చోటు కింద అదంతా అట్లాగే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ రేకు మీది అరవై. వాట్లు కాదు. వాళ్ల కరెంటు సెకనుకు అరవై సార్లు ఊగుతుంది, మనది యాభై. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీ మారుస్తుంది గానీ ఆ ఊపును మార్చలేదు, ఆ మోటారు తిరిగేదేమో ఆ ఊపును బట్టే. నలభై ఐదు చుట్లు తిరగవలసిన పళ్లెం మా ఇంట్లో ముప్పై ఏడున్నర తిరిగింది. పాట నిదానమైతే గొంతూ లోతెక్కుతుంది. అమ్మ విన్నది నిజంగానే ఎవరో పెద్దామెను.

ఇది చెప్పడానికి ఎవరూ లేరు. మైకుసెట్లు పోయాయి, దస్తగిరి మామా పోయాడు. ప్రార్థన చేసిన ఆడవాళ్లలో ఒక్కరూ లేరు. అక్క మాట్లాడగా విన్న చెవి ఈ భూమ్మీద ఇంకొకటి ఉందో లేదో తెలియదు.

ఈ కొత్త మిషనుకు వేగం తగ్గించే మీట ఒకటి ఉంది. ఒకరోజు దాన్ని కిందికి జరిపాను, నాకు తెలిసిన అక్క కోసం. పిల్ల గొంతు కొంచెం పెద్దదైంది, ఇంకొంచెం పెద్దదైంది, పది శాతం దగ్గర మీట ఆగిపోయింది. నా అక్క దాదాపు పదిహేడు శాతం దగ్గర ఉంది. ముడి వేసుకుని, కనకాంబరాలు పెట్టుకుని, ఆ చివర.

మీటను సున్నా దగ్గరికి తెచ్చి పెట్టాను. ఆదివారాలు అన్నం తిన్నాక ఒక్కసారి వేస్తాను. వేసే ముందు లేచి వెళ్లి, పెరటి తలుపు బార్లా తీసి, అది మూసుకోకుండా ట్రాన్స్‌ఫార్మరు అడ్డం పెడతాను. రెండో చరణం అయ్యేదాకా అటువైపే చూస్తూ కూచుంటాను.