దెబ్బ ముందు, సప్పుడు వెనక

ఇబ్రహీంపట్నంలో వీడియో ఎడిటింగ్ దుకాణం నడిపే మనోజకు మనుషుల మీద నమ్మకం తక్కువ. పుట్టుకతో వచ్చిన గుణం కాదది. ఇరవై రెండేళ్ళుగా ఊరివాళ్ళ పెళ్ళిళ్ళను తెర మీద ముందుకూ వెనక్కూ తిప్పి చూడటం వల్ల అబ్బింది. కెమెరా పక్కకు తిరగగానే ఏ నవ్వు ఆరిపోతుందో, అప్పగింతల్లో ఎవరి కళ్ళు నిజంగా తడిశాయో ఆమెకు తెలుసు. అది చాలనట్టు, పోయినేడు ఒక గాయకుడి వీడియో సాపు చేసి ఇచ్చింది. అతను పాడనే లేదనీ, మోగుతున్న పాటకు పెదవులు కదిపాడనీ తర్వాత బయటపడింది. “గా దొంగ వీడియో మనోజ దుకాణంలనే అయ్యిందట” అన్న మాట బస్టాండు దాకా పాకింది. అప్పటినుంచి ఎవరేం తెచ్చినా పాలు విరిగాయేమోనని వాసన చూసినట్టు చూసేది.

అలాంటి మనిషి దగ్గరికి లింగం వచ్చాడు. యాభై ఐదేళ్ళ డప్పు కళాకారుడు, నలుగురున్న దళానికి పెద్ద. బొంగులూరు దగ్గరి ఫంక్షన్ హాల్లో వాళ్ళు వాయించిన పన్నెండు నిమిషాలనూ ఎవరో ఫోనులో తీశారు. శబ్దాన్ని మాత్రం సౌండాయన మైకుల నుంచి వేరుగా ఎక్కించి ఇచ్చాడు. రెండూ కలిపి సాయంత్రం ఐదింటిలోగా హైదరాబాదులో జరిగే ఒక కళల పండుగకు పంపాలి. రికార్డు మోగించి చేతులాడించారన్న అనుమానం వస్తే చాలు, దళాన్ని పక్కన పెట్టేస్తామని నిర్వాహకులు ముందే చెప్పారు.

మనోజ మొదటి దెబ్బ దగ్గర బొమ్మనూ శబ్దాన్నీ కలిపింది. కుదిరింది. మూడో నిమిషానికి ఏదో తేడా కొట్టింది. ఏడో నిమిషానికొచ్చేసరికి లింగం చేతిలోని పుల్ల డప్పును తాకి పైకి లేచాక గాని సప్పుడు రావడం లేదు. శబ్దాన్ని జరిపి అక్కడ కలిపితే మొదట్లో చెడింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టింది, ఫైలు మళ్ళీ ఎక్కించుకుంది. అదే తంతు. శబ్దం అంత శుభ్రంగా ఉండటం కూడా ఆమెకు నచ్చలేదు. లింగాన్ని పిలిపించింది.

“అన్నా, నిజం జెప్పు. రికార్డు పెట్టి ఆడిన్రా?”

లింగం భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. దాన్ని కూడా మనోజ అతని తప్పుల ఖాతాలోనే వేసింది.

“నలభై ఏండ్ల సంది కొడుతున్న చెల్లె. సావుకాడ కొట్టిన, పెండ్లికాడ కొట్టిన. ఎవ్వడు గిట్ల అడగలే.”

“సావుకాడ కెమెరా లేకపాయె గదన్నా!”

లింగం మొహం ఎర్రబడింది. “బొమ్మ బంద్ జెయ్యి. సప్పుడొక్కటి పెట్టు.”

పెట్టింది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. ఎనిమిదో నిమిషం దాటాక చెయ్యెత్తాడు.

“గిక్కడ ఇను. స్వామిగాని డప్పు వదులైంది. తోలు సల్లబడ్డది. ఇగో, ఇప్పుడు మూడే మోగుతున్నయ్. వాడు డప్పు కాపుకోనీకి మంటకాడికి పోయిండు. దొంగ రికార్డు జేసుకునేటోడు గీ వదులు డప్పెందుకు ఎక్కించుకుంటడు?”

మనోజ బొమ్మ తెరిచింది. వరుసలో చివర నిలబడ్డ స్వామి డప్పు పట్టుకుని బయటికి పోతున్నాడు. కొంతసేపటికి తిరిగొచ్చి బిగువుగా వాయించాడు. అంటే వాయించడం నిజమే. కానీ తెర మీద స్వామి వాయించడం ఆపిన ఒక సెకనుకు గాని శబ్దంలో నాలుగో డప్పు ఆగలేదు. చివర్లో ఆ తేడా సెకనున్నరైంది. పోను పోను పెరిగే ఈ తేడా డప్పు కొట్టేవాడి చేతిది కాదు, యంత్రానిది.

ఫోను ఫైలు వివరాలు తీసి చూసింది. సెకనుకు ముప్ఫై ఫ్రేములని, అంటే ముప్ఫై విడి బొమ్మలని, రాసి ఉంది గాని నిజంగా అన్ని లేవు. హాల్లో లైట్లు తగ్గినప్పుడల్లా ఫోను ఒకటో రెండో ఎగ్గొట్టింది. సాఫ్ట్‌వేర్ మాత్రం అన్నీ ఉన్నట్టే ఖాళీ వదలకుండా వరసగా పరిచింది. అందుకే బొమ్మ శబ్దం కన్నా ముందుకు పరుగెత్తింది. మనోజ ఎగిరిపోయిన చోటల్లా పక్క బొమ్మనే ఇంకోసారి నింపి, ప్రతి సెకనుకూ ముప్ఫై ఉండేట్టు ఫైలు మార్చి మళ్ళీ కలిపింది. పన్నెండో నిమిషంలో కూడా పుల్ల పడ్డప్పుడే సప్పుడు వచ్చింది. నాలుగున్నరకు పంపేసింది.

“తప్పయిందన్నా. ఛాయ్ తాగి పో.”

“ఛాయ్ వద్దు. నా వీడియో నీ పెట్టెల ఉంది గదా, తీసెయ్.”

“ఉండనీ అన్నా, మల్ల అవసరం పడ్తది.”

“ఎవలకు అవసరం? రేపు ఎవలన్నా అడిగితే, మొదాలు గిట్లుండె అని కలవనిది జూపిస్తవేమో. నాకేం ఎర్క? నా ముంగటనే తీసెయ్.”

తీసేసింది.

“చెత్తబుట్టల గూడ ఉంటదట గదా. మా బిడ్డ చెప్పింది.”

బుట్ట కూడా ఖాళీ చేసింది. లింగం లేవలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, తెర మీద ఉన్న ఒక్కో గుర్తునూ వేలితో చూపిస్తూ పోయాడు.

“గా మూలకున్నదేంది?”

“అది ఎవలదో పెండ్లిదన్నా.”

“తెరువు.”

మనోజ తెరిచింది.