ఖర్జూరమనిపించుకున్న చింత

రోడ్ల శాఖలో డిప్యూటీ ఇంజనీరుగా మాచర్ల వచ్చిన మొదటి ఏడాది, శివరాత్రి వెళ్లిన వారంలో వెల్దుర్తి రోడ్డు చింతచెట్ల కాయను అప్పగించే పని నాకు పడింది. ఆ కాయను ఏటా వేలం వేస్తాం. పాట దక్కినంత మాత్రాన కొమ్మ ముట్టకూడదు. అధికారి వచ్చి, మొదళ్ల మీద తెల్లరంగుతో వేసిన నంబర్లు చూపించి, అప్పగింత కాగితం మీద సంతకం చేశాకే కాయ దులిపే దోటీ ఎత్తాలి.

ఆ ఏడాది పాట మస్తాన్‌బీది. మాచర్లలో చింతపండు కొట్టు ఆమెది. కూలీలతో, కాయ మీద కప్పే టార్పాలిన్ పట్టాలతో పొద్దున్నే వచ్చి కాచుకుని ఉంది. నేను మధ్యాహ్నానికి చేరాను. అప్పటికే పడమర మబ్బు పట్టింది. పండిన కాయ తడిస్తే నల్లబడి బూజు పడుతుంది.

నా వెంట కొత్తగా చేరిన ఏఈ సుజాత ఉంది. ఇంగ్లీషులో టామరిండ్ అనే మాట ఎక్కడిదని మాటవరసకు అడిగింది. మాటల పుట్టుక నాకున్న పిచ్చి. అరబ్బీలో తమర్ అంటే ఖర్జూరం, హింద్ మన దేశం. అరబ్బు వర్తకులు తమర్ హిందీ అన్నదే లాటిన్ మీదుగా ఇంగ్లీషుకు చేరిందని మొదలుపెట్టాను. శాస్త్రనామంలో ఇండికా కూడా తగిలించి ఒకే చెట్టును రెండుసార్లు మనదన్నారు, తీరా దాని పుట్టిల్లు ఆఫ్రికా అంటారు అని సాగదీశాను.

“ఖర్జూరమైతే ఇంత పులుపేంది సారూ?” అంది మస్తాన్‌బీ. కూలీలు నవ్వారు. “కథ చానా బాగుంది గానీ, ముందా సంతకం గీకండి. మబ్బు మీదకొస్తంది.”

నలుగురిలో గీకమనడం నాకు గుచ్చుకుంది. నంబర్లన్నీ సరిచూశాకే అన్నాను. సుజాత వాటిని ముందురోజే వచ్చి సరిచూసింది. అయినా మొదటి చెట్టు నుంచి మళ్లీ నడిచాను. సగం దారిలో వాన అందుకుంది. జీపులో కూర్చుని సంతకం చేశాను. అప్పటికి దోటీలు ఎత్తేవాళ్లు లేరు.

ముసురు రెండు రోజులు విడవలేదు. వచ్చిన వెంటనే సంతకం చేసి ఉంటే కొన్ని చెట్లయినా దులిపి పట్టాల కిందికి చేర్చేవాళ్లు. కొట్టు ముందు ఆరబోసిన నల్లకాయను చాలాసార్లు చూశాను. జీపు ఆపలేదు.

అరబ్బు వర్తకులు చూసింది ఎండి ముద్దయిన గుజ్జునే కావచ్చు. చెట్టును చూడలేదు గనక ఖర్జూరం అనుకుని ఉంటారు. చెట్టు కిందే నిలబడిన నాకు ఆ సాకు లేదు.

మరుసటి ఏడాది పాట మళ్లీ ఆమెదే. ఆకాశంలో మబ్బు లేదు. నేను జీపు దిగకముందే, “సంతకం ముందు సారూ! ఖర్జూరం కథ కాయ దులిపినాక” అంది. అలాగే చేశాను. రిటైరయ్యేదాకా ఏ అప్పగింతకు వెళ్లినా సంతకమే ముందు పెట్టాను.

కాయ దులిపాక ఆమె కథ అడగలేదు. నేనూ చెప్పలేదు.