పొలిమేర దాటిన గింజలు

వాన గురించి ఎవరైనా ముచ్చటగా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. మా పక్కింటామె కిటికీ దగ్గర నిలబడి, "చినుకులు ఎంత బాగున్నాయో చూడండి" అంటుంది. చూస్తాను, తలుపు వేసుకుంటాను. రాయదుర్గం పక్క పల్లెల్లో బతికినవాళ్ళం, వాన బాగుందా లేదా అని మేము ఎన్నడూ అనుకోలేదు. వస్తుందా రాదా, అంతే. వచ్చిన వాన ఎవరి మీద పడింది అని కూడా అడగాల్సి ఉంటుందని ఆ ఒక్క ఏడాదే తెలిసింది.

అరవైల మొదట్లో మాట. నాకు పెళ్ళయి మూడేళ్ళు, ఆ మూడేళ్ళూ కరువే. "నువ్వు ఈ ఇంట్లో కాలు పెట్టినప్పట్నుంచి" అని మా అత్త మొదలుపెట్టేది గానీ ఆ మాట పూర్తి చేసేది కాదు. ఎందుకంటే ఆమె కాపురానికి వచ్చిన ఏడాదీ కరువేనట. ఇంట్లో మేమిద్దరమే. మా ఆయన ఐదు నెలల కిందట ఉత్తర కోస్తాకు పోయాడు. శ్రీకాకుళం అవతల, సముద్రానికి దగ్గరగా రైలు వంతెన కడుతున్నారని, రాళ్ళు కొట్టడానికి మనుషులు కావాలని ఒక మేస్త్రి పిలుచుకుపోయాడు. మా తట్టు మగవాళ్ళకు సేద్యం అచ్చి రాకపోయినా రాయి కొట్టడం వచ్చు. మా భూమి వద్దన్నా ఇచ్చేది అదొక్కటే.

పోయిన తర్వాత ఒక్క కార్డు వచ్చింది. నాకప్పుడు చదువు రాదు. బడి అయివారు చదివి చెప్పాడు. పని ఉంది, కూడు దొరుకుతోంది, ఇక్కడ నీళ్ళు మాత్రం చాలా ఎక్కువ అని రాయించాడు. కింద చిరునామా. "నీళ్ళు శానా ఎక్కువంట నా కొడుకు ఉండే కాడ" అని మా అత్త పది ఇళ్ళలో చెప్పుకొచ్చింది, కొడుకు జమీందారైనట్టు. ఆ కార్డును నేను గూట్లో పసుపు డబ్బా కింద పెట్టి, రోజుకొకసారి తీసి చూసేదాన్ని. చదవడానికి కాదు, ఉందా లేదా అని.

హస్త కార్తె వట్టిగా పోయింది. చిత్త కురిస్తే చింతలు కాస్తాయంటారు, అదీ సగమైంది. ఇక లాభం లేదని ఊరి ఆడవాళ్ళు వాన భిక్షకు లేచారు. బంకమట్టితో వానదేవుడి బొమ్మ చేసి, పీట మీద వేపాకులో కూర్చోబెట్టి, ఇల్లిల్లూ తిరుగుతూ పాడడం. ఇంటావిడ వచ్చి బొమ్మ మీద, పీట మోసే మనిషి మీద నీళ్ళు కుమ్మరించి, పిడికెడు గింజలు వేయాలి. ఎవరింట్లో ఏముంటే అవి. కొర్రలు, జొన్నలు, సజ్జలు, ఉలవలు అన్నీ ఒకే గంపలో కలిసిపోతాయి, వేరు చేయకూడదు. ఎనిమిది రోజులు అట్లా అడుక్కుని, తొమ్మిదో రోజు వాటిని తిరగలిలో విసిరి, ఎండిన చెరువు అడుగున ఉప్పు లేని అంబలి కాచి ఊరంతా తాగాలి. ఒక్కటే కట్టడి. ఆ గింజలు ఊరి పొలిమేర దాటకూడదు. దాటితే వాన కూడా వాటి వెంబడి పోతుంది.

పీట మోసేది మా అత్తే. గొంతు అట్లాంటిది. బాయి ఇంకిపోయిన ఊర్లో నీళ్ళు కుమ్మరించమంటే ఎవరు కుమ్మరిస్తారు? చెంబుతో తెచ్చి వేళ్ళతో చిలకరించేవాళ్ళు. "అదేమే, దిష్టి తీస్తాండావా? బాగా పొయ్యే!" అని మా అత్త గదమాయించేది. గింజల కడవ మా ఇంట్లోనే ఉండేది, దేవుడి మూలన.

ఏడో రోజు పొద్దున అయివారు పంచాయతీ రేడియో విని వచ్చి చెప్పాడు. ఉత్తర కోస్తాలో పెద్ద తుఫాను. ఊర్లకు ఊర్లు కొట్టుకుపోయాయట, సముద్రం లోపలికి వచ్చిందట, రైలు పట్టాలు లేచిపోయాయట. సముద్రం లోపలికి రావడమంటే ఏమిటో మాకు అర్థం కాలేదు. చెరువు తెగడం మాత్రమే మాకు తెలుసు, అది కూడా పెద్దవాళ్ళు చెప్పగా. మా ఊరి మీద ఆ పూట పడమటి గాలి ఒకటే కొడుతోంది. ఉన్న నాలుగు మబ్బులూ తరుముకొచ్చినట్టు తూర్పుకు పరుగెత్తుతున్నాయి.

రచ్చకట్ట దగ్గర ఒకాయన నవ్వులాటకు అన్నాడు. "ఏమక్కా, నువ్వు మరీ గట్టిగా పాడినావు. సముద్రం కాడికి ఇనపడినట్టుండాది."

అన్నాక గుర్తొచ్చింది ఆయనకు, మా ఆయన ఎక్కడున్నాడో. నాలుక కరుచుకున్నాడు. మా అత్త పీట దించి ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ రోజు ఇద్దరం పొయ్యి వెలిగించలేదు. ఏడవడానికి కూడా ఏదో ఒకటి తెలియాలి కదా. ఉన్నాడో లేడో తెలియని మనిషి కోసం ఎట్లా ఏడ్చేది? నాకు భయం కంటే అలసట ఎక్కువగా ఉండింది. వాన కోసం చూసిన కళ్ళతోనే ఇప్పుడు ఈయన కోసం కూడా చూడాలా అనిపించింది. ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఎనిమిదో రోజు మిట్టమధ్యాహ్నం ఊర్లోకి లారీ వచ్చింది. తుఫాను బాధితులకని రాయదుర్గం నుంచి బట్టలూ గింజలూ పోగుచేస్తున్నారు. గుంతకల్లులో గూడ్సు రైలుకు ఎక్కిస్తారట, రైలుతో పాటు కొందరు మనుషులు కూడా పోతున్నారట. అత్త భిక్షకు పోయింది. నేను కార్డు పట్టుకుని పరుగెత్తాను. లారీ దగ్గరకు చేరాక కాళ్ళు ఆగిపోయాయి. మా తట్టు ఒట్టి చేతులతో పోయి ఏదీ అడగరు. మంత్రసానిని పిలవడానికి పోయినా కొంగున పిడికెడు గింజలు కట్టుకునే పోతారు. మా ఇంట్లో పిడికెడు గింజలున్నది ఒక్క చోటే.

వెనక్కి పోయాను. కడవ మెడదాకా ఉంది. ఆలోచించానని చెప్పను, ఆలోచించి ఉంటే చేసేదాన్ని కాదు. గోతం తీసి కడవ దాంట్లోకి బోర్లించాను. మోసుకొచ్చి లారీ మీదికి అందించి, "అన్నా, ఈ అడ్రసులో మా ఇంటాయన ఉండాడు. ఉండాడో లేడో అడిగి, ఒక్క కార్డు ముక్క రాయించప్పా" అన్నాను. ఆ మనిషి మంచివాడే. గోతంలోకి తొంగిచూసి, "ఇదేందమ్మా, అన్నీ కలిపేసినావు?" అని, కార్డు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లారీ ఊరి చివర మలుపు తిరిగాక తెలిసింది నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని. చిరునామా ఉన్నది ఆ ఒక్క కార్డు మీదే. ఇక మేము రాయాలన్నా ఎక్కడికి రాయాలి?

అత్త వచ్చింది. తడవని చీరతో, గంపలో నాలుగు గింజలతో. కడవలో పోయబోయి ఆగింది. నేను దాచలేదు, ఉన్నదున్నట్టు చెప్పేశాను. చెంప మీద ఒకటి పడుతుందని పళ్ళు బిగబట్టుకున్నాను. ఆమె కడవలోకి చాలాసేపు చూసింది.

"ఆడికే పోతాదంటనా, లారీ?"

"ఆడికే అత్తా."

"పోనీలే అమ్మీ. వాన అడిగింది మనమే గదా. నా నోటితోనే గదా అడిగినా." కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "ఎవురితోనూ అనొద్దు. గంప పట్టు, ఇంగో నాలుగిండ్లు తిరిగొస్తాం."

పొద్దు వాలేలోపు ఇచ్చినవాళ్ళనే మళ్ళీ అడిగి తిట్లు తిన్నాం. తొమ్మిదో రోజు అంబలి ఎంత పలచగా ఉందంటే, "ఏమక్కా, దీంట్లో మొగం కనపడతాండాదే, దువ్వెన గూడా ఇయ్యి" అని ఎగతాళి చేశారు. మా అత్త నవ్వినట్టు నటించింది. వాన రాలేదు. చిత్త పోయింది, స్వాతి పోయింది. ఊరంతా దేవుణ్ణి తిట్టింది. మేమిద్దరం మాత్రం ఎవరినీ తిట్టలేకపోయాం. బాయి దగ్గర ఎవరి ఖాళీ కడవ చూసినా నాకు తల కిందికి పోయేది. కార్డు రాలేదు. పోస్టాయన సైకిలు గంట వినిపిస్తే అత్తా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా పనిలో పడేవాళ్ళం.

రెండు నెలలు దాటాక ఒక మధ్యాహ్నం ఆయన వచ్చాడు. గడ్డం, ఎముకలు, భుజాన వేరొకరి చొక్కా. గుమ్మంలో నిలబడి "నీళ్ళుండాయా?" అన్నాడు. అంత నీళ్ళ దేశం నుంచి వచ్చి మొదట అడిగింది నీళ్ళే. అత్త రెండు చేతులతో ఆయన మొహం తడిమింది. నేను చెంబు ఇచ్చి వంటింట్లోకి పోయి, కడుపు పట్టుకుని ఏడ్చాను.

తిన్న తర్వాత మెల్లగా చెప్పాడు. గుడిసెలు ఒక్కటీ మిగల్లేదు. కొట్టి పేర్చిన బండల చాటున పడుకుని బతికాడు. పక్కనున్న ఇద్దరు పోయారు. తర్వాత ఒక బడిలో పెట్టి అన్నం పెట్టారు. రైళ్ళు నడిచేదాకా అక్కడే.

"ఇంగో తమాషా చెప్తా" అన్నాడు. "బడి వరండాలో ఒక గోతం ఉండె. కొర్ర, జొన్న, సజ్జ, ఉలవ అన్నీ కలిపి. చూస్తానే తెలిసిపాయ, వాన బిచ్చం గింజలు. ఆడుండే జనాలకేం తెలుసు, ఎట్ల వండుకునేదో తెలీక పక్కన పారేసినారు. ఏ ఊరోల్లో మతిలేనోల్లు, పొలిమేర దాటించినారు సూడు. ఆ ఊర్లో చినుకు పడిండదు ఈసారి."

నేను తల ఎత్తలేదు. అట్లాంటి గోతాలు ఇంకెన్ని పోయాయో, అది మాదేనని ఇప్పటికీ చెప్పలేను. అత్త చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"పారేసినారా? ఏమైనాయిరా అవి?"

"ఏమైతాయి, ఆడ వాన నిలిస్తే గదా. తడిసి మొలకలొచ్చినాయి. గోతం చీల్చుకుని ఇంత పొడుగు" అని జానెడు చూపించాడు. "మన చేన్లో నేనెప్పుడూ సూడలేదమ్మా అట్ల మొలిచేది."

"అన్నీ మొలిచినాయా?"

"అన్నీ."

అత్త ఆ జానెడు వేళ్ళ వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత విసనకర్ర మళ్ళీ కదిలించింది.

"అయితే గింజలు మంచివే" అంది.