ముక్కు దగ్గర అద్దం

వీరప్ప చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పకపోతే రేపు మీరు నా మీదే ఎగురుతారు. పద్దెనిమిదేళ్ళు మా టౌను మునిసిపాలిటీ ఆంబులెన్సు నడిపాడు. తాగి స్టీరింగు పట్టింది లేదు, ఎవరి దగ్గరా చెయ్యి చాచింది లేదు.

డెబ్బయ్యారులో ఆంబులెన్సు రూల్సు తిరగరాస్తూ కమిషనరు అతన్ని పిలిపించి, ఏమేం మార్చాలో చెప్పమన్నాడు. అంతవరకు వీరప్పను సలహా అడిగిన ఆఫీసరు పుట్టలేదు. పొంగిపోయి మూడు చెప్పాడు. రోగి పడుకునేచోట మెత్తగా పరుపుండాలి, బండిలో మంచినీళ్ళుండాలి, శవాలను ఎక్కించకూడదు.

"శవమెక్కిన బండి అని తెలిస్తే కాన్పుకొచ్చే ఆడోళ్ళు ఎక్కేకి ఒప్పుకోరు సార్. కడిగి సాంబ్రాణి ఏసినా ఇనరు."

మొదటి రెండింటికీ ఖర్చుంది, మూడోదానికి కాగితం చాలు. అందుకని మూడోదే రూలయింది. శవాన్ని ఎక్కించరాదు, దారిలో ప్రాణం పోతే అక్కడే దించెయ్యాలి. ఆ రెండో ముక్క వీరప్ప అడగలేదు. వద్దనీ అనలేదు.

జనం ఊరుకుంటారా? డాక్టరు పెదవి విరిచి ఇంటికి తీసుకుపొమ్మన్నవాళ్ళే కదా ఆ బండిలో సగం మంది. దారిలో ప్రాణం పోయినా వెంట ఉన్నవాళ్ళు ఏడుపు బిగబట్టేవాళ్ళు. పోయిన మనిషితో మాట్లాడేవాళ్ళు, నోట్లో నీళ్ళు పోసేవాళ్ళు. వీరప్ప తక్కువ తిన్నాడా? గడ్డం గీసుకునే అద్దం ఒకటి బండిలో పెట్టుకున్నాడు. అనుమానమొస్తే ఆపి ముక్కు దగ్గర పెట్టేవాడు. అద్దం మీద ఆవిరి పట్టకపోతే దించేసేవాడు.

గోరంట్ల రోడ్డులో ఓ మోరీ దగ్గర ఓబులమ్మ అనే ఆమె మొగుణ్ణి అలాగే దించాడు.

"ఇబ్బుడే నీళ్ళు మింగినాడన్నా, నమ్మన్నా!" అని ఆమె కాళ్ళ మీద పడింది.

"రూలమ్మా, నేనేం జేసేది? ఎద్దులబండ్లు వస్తాంటాయి, యాదో ఒగదాంట్లో ఏస్కపో."

ఇంటికి పోయి సంగటి కడుపునిండా తిన్నాడు. థూ, ఎట్లా దిగిందో గొంతు!

ఎనభై నాలుగులో రిటైరై సొంతూరు చేరాడు. బండీ అద్దమూ చిన్నప్ప అనే కొత్త డ్రైవరు చేతికొచ్చాయి. పనంతా దగ్గరుండి నేర్పింది వీరప్పే.

మరుసటేడు వీరప్ప భార్య సిద్దమ్మకు కడుపులో గడ్డ లేచింది. ఇక లాభం లేదన్నారు ఆస్పత్రిలో.

"నన్ను ఈడ చావనియ్యద్దు. మనింట్లో పోతా. మాటియ్యి," అంది సిద్దమ్మ.

మాటిచ్చాడు. చిన్నప్పే బండి తెచ్చాడు.

ఊరు మూడు మైళ్ళుందనగా సిద్దమ్మ చెయ్యి చల్లబడింది. వీరప్ప ఏడుపు దిగమింగి, "ఇదో మే, మన శెనక్కాయ చేను కనపడతాండాది, వచ్చేసినాం," అంటూ నోట్లో నీళ్ళు పోశాడు. నీళ్ళు చెంప మీదుగా కారిపోయాయి.

బండి ఆగింది. వెనక అట్లా మాటలు ఎక్కువైతే ఆపి చూడమని చిన్నప్పకు నేర్పిందెవరు? ఈ మహానుభావుడే!

చిన్నప్ప అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి సిద్దమ్మ ముక్కు దగ్గర పెట్టాడు.

"మింగిందిరా చిన్నప్పా, ఇబ్బుడే మింగింది. నీ కాళ్ళు మొక్కుతా, మూడు మైళ్ళే కదరా."

"నాకూ పిల్లోళ్ళుండారన్నా. ఉద్యోగం పోతాది. ఈ రూలు నువ్వు అడిగిందే కదన్నా." చిన్నప్ప అద్దం జేబులో పెట్టుకున్నాడు. "కాళ్ళు పట్టు. తలకాయ నేను పడతా."

వీరప్ప పట్టాడు. అలవాటైన చేతులు కదా, తడబడలేదు. ఇద్దరూ కలిసి సిద్దమ్మను రోడ్డు పక్కన పడుకోబెట్టారు.

"ఎద్దులబండ్లు వస్తాంటాయిలేన్నా," అని చిన్నప్ప ఆంబులెన్సు తిప్పుకుని టౌనుకు పోయాడు.

అది వరసగా మూడో కరువేడు. మేత లేక ఆ దారిలోని ఊళ్ళవాళ్ళంతా ఎద్దులను కదిరికి తోలుకుపోయి అమ్ముకున్నారు. వీరప్ప కూడా అమ్మాడు. టవలు విప్పి భార్య మొహానికి నీడ పట్టుకుని కూర్చున్నాడు. పొద్దు గూకేదాకా ఆ రోడ్డు మీద ఒక్క బండీ రాలేదు.